టవర్ హౌస్ పద్ధతిలో ఒక గది: డంగుసున్నంతో, కట్టెతో అలంకరణ చేయించుకునే తీరు

విలియం బర్జెస్ విక్టోరియా రాణి కాలపు ఆర్కిటెక్ట్. లండన్‌లో హాలండ్ పార్క్ దగ్గర, మెల్బరీ రోడ్డు మీద తనకోసం కట్టుకున్న ఇల్లు టవర్ హౌస్. 1875లో ఆ పనికి పూనుకున్నాడు, 1878లో ఇంట్లో దిగాడు, 1881లో ఆ ఇంట్లోనే చనిపోయాడు. బయట చూడబోతే ఎర్ర ఇటుక గోడ, ఆకుపచ్చ పలకరాతి కప్పు, మెట్ల కోసం ఒక గుండ్రటి బురుజు. వైభవమంతా లోపల ఉంది. హాలుకు కాలం, పుస్తకాల గదికి అక్షరం, బైఠక్ గదికి ప్రేమ, తన పడకగదికి సముద్రం, చుట్టాల పడకగదికి భూమి. గదికి ఒకే విషయం పెట్టుకున్నాడు. కప్పు, గోడ పైపట్టీ, రాతి చెక్కడం, గాజు, బీరువా తలుపులు అన్నీ ఆ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి.

మన వైపు ఇప్పుడు అలంకరణ అంటే ఇల్లు పూర్తయ్యాక పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పనివాళ్లను పిలవడమే. గోడ కట్టేటప్పుడే దానికి చోటు, లోతు, పట్టు ఆలోచించలేదు కాబట్టి అది అతికించినట్టే కనిపిస్తుంది, మొదటి చెమ్మకే ఊడుతుంది. వనపర్తి, గద్వాల, కొల్లాపూర్ సంస్థానాల కట్టడాలు చూసినవాళ్లకు, ఊళ్లలో పాత భవంతి ఇళ్ల దర్వాజలు చూసినవాళ్లకు ఇంకో దారి ఉందని తెలుసు. బర్జెస్ దగ్గర నేర్చుకోవాల్సింది ఆ బొమ్మలు కాదు, పని వరుస: ముందు గదికి విషయం, తర్వాత నిలువు కొలత గీత (బొమ్మను అసలు కొలతలోనే కాగితం మీద గీయడం), తర్వాత గోడ, చివరికి రంగు. 10×12 అడుగుల ఒక గదిని లెక్కకు తీసుకుని ఆ వరుస ఇక్కడ రాస్తున్నాం.

గదికి విషయం, విషయానికి ఒక చోటు

విషయం మీకు తెలిసినదై ఉండాలి, కనీసం పది పన్నెండు బొమ్మలుగా విడిపోవాలి. బర్జెస్ పడకగదికి సముద్రం పెట్టుకుంటే మనకు కృష్ణ ఉంది: పుట్టి, వల, చేపలు, మొసలి, సోమశిల దగ్గరి గుట్టలు. అన్నం తినే గదికి జొన్న కంకి, పల్లి చెట్టు, ఆముదం ఆకు, కంది కాయ, నల్లగొండ బత్తాయి. హాలుకు కార్తెలు చాలా బాగా కుదురుతాయి. టవర్ హౌస్ హాలు కప్పు మీద నక్షత్రాలు ఇంట్లో కాపురం మొదలైనప్పుడు ఆకాశంలో ఎలా ఉన్నాయో అలా వేయించారు. మీరూ గృహప్రవేశం తేదీ, ఊరు, రాత్రి 8 గంటలు అని ఫోన్‌లోని ఆకాశపటంలో పెట్టి చూస్తే అదే పటం వస్తుంది. అందులో పెద్ద చుక్కలు 12 నుంచి 15 మాత్రమే తీసుకోండి. అన్నీ వేస్తే కప్పు మీద సున్నం చిందినట్టు ఉంటుంది.

పుస్తకాల గది ఉంటే వర్ణమాల పట్టీని మించింది లేదు. బర్జెస్ తన పుస్తకాల గదిలో ఇంగ్లిష్ అక్షరాలన్నీ వరుసగా పెట్టి, ‘హెచ్’ ఒక్కదాన్నే పట్టీ నుంచి కిందికి జారినట్టు చేయించాడు. మాటల్లో ఆ శబ్దాన్ని మింగేయడం అప్పట్లో అక్కడ నామోషీ, దాని మీద చమత్కారం అది. మన పట్టీలో ఌ, ౡ అలా జారిపోతే చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఇక కన్ను మొదట పడే చోటు గదికి ఒక్కటే ఉండాలి. టవర్ హౌస్‌లో అది పొయ్యిగూడు. పుస్తకాల గదిలోని పొయ్యిగూడు మీద థామస్ నికల్స్ అనే శిల్పి బైబిల్ కథలోని బాబెల్ గోపురాన్నే చెక్కాడు. మనకు చలిపొయ్యి అక్కర్లేదు కాబట్టి ఆ గౌరవం గోడలోని గూటికో దర్వాజకో ఇవ్వండి. రెండూ ఒకే గదిలో బరువుగా చెక్కితే ఒకదాన్ని ఒకటి చంపుతాయి.

వంటింటికి, అన్నం తినే చోటికి ఉబ్బెత్తు పని వద్దు. పోపు పొగ, నూనె జిడ్డు మడతల్లో చేరితే రాదు. బర్జెస్ కూడా భోజనాల గదిలో గోడకు పాలరాయి, దాని మీద మెరుగు పలకలు, కప్పుకు ఎనామిల్ ఇనుము వాడాడు. తుడిస్తే పోయే పదార్థాలన్నమాట. మనకు అక్కడ నాపరాయి, దాని మీద ఒక వరుస బొమ్మల టైల్స్ చాలు.

నిలువు కొలత గీత

చిన్న కాగితం మీద గీసి మేస్త్రీ చేతిలో పెడితే వచ్చేది మేస్త్రీకి అలవాటైన తామర పువ్వే. బ్రౌన్ కాగితం చుట్ట తెచ్చి, అసలు కొలతలోనే గీయించండి. 10×12 గది చుట్టుకొలత 44 అడుగులు. పైపట్టీ ఎత్తు 1 అడుగు పెట్టుకుంటే కాగితం అంతే పొడవు కావాలి. గీసిన కాగితాన్ని అదే ఎత్తులో గోడకు కట్టి, కింద నిలబడి, కూర్చుని చూడండి. 9 అడుగుల ఎత్తులో ఉన్నదాంట్లో మరీ సన్నటి గీత తేలదు, దానికి పెట్టే కూలి దండగ. అక్షరాలు 6 అంగుళాలకు తగ్గొద్దు. మనుషుల, జంతువుల ముఖాలు కొద్దిగా కిందికి వంచి గీయాలి, లేకపోతే గడ్డం తప్ప ఏమీ కనపడదు.

కిటికీ ఎక్కడుందో కాగితం మీద గుర్తు పెట్టండి. కిటికీ ఉన్న గోడ మీదే ఉండే బొమ్మలకు వెలుతురు తగలదు, వాటిని లోతుగా చెక్కాలి. పక్క గోడల మీద వెలుతురు ఏటవాలుగా పడుతుంది కాబట్టి అక్కడ 10 మిల్లీమీటర్ల ఉబ్బే ఎంతో కనిపిస్తుంది. రాత్రిపూట టార్చి గోడకు ఆనించి వేసి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది.

గోడ

మొదట కప్పు కారుడు ఆగాలి. నేల నుంచి మూడడుగుల దాకా ఉబ్బెత్తు పని ఏదీ పెట్టొద్దు, అక్కడ నేల చెమ్మ ఎక్కుతుంది.

పాత రాతి గోడో, మట్టి ఇటుక గోడో అయితే దాని మీద ఎవరైనా పూసిన సిమెంటును పూర్తిగా కొట్టేయాలి. సిమెంటు గోడ లోపలి తడిని బయటకు పోనివ్వదు. ఆ తడి వెనక చేరి, ఉప్పును వెంట తెచ్చి, పైపూతను పెచ్చులుగా తోస్తుంది. కీళ్లలోని మట్టిని అర అంగుళం లోతు గీకి, దుమ్ము బ్రష్‌తో దులిపి, ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి తడపాలి.

కొత్తగా కడుతున్న ఇల్లయితే పైపట్టీ వచ్చే అడుగు మేర సిమెంటు ప్లాస్టరింగ్ చేయకుండా ఇటుక కనపడేట్టే వదలమని ముందే చెప్పండి. ఇది ఒక్కటి చెప్పి ఉంటే తర్వాతి సగం తిప్పలు ఉండవు. ఇప్పటికే నున్నగా పూసేసి ఉంటే, అంగుళానికొక గంటు చొప్పున ఉలితో గరుకు చేసి, ముతక ఇసుక ఎక్కువున్న సున్నపు మిశ్రమాన్ని విసిరికొట్టి, అది గట్టిపడ్డాక పని మొదలుపెట్టాలి.

సున్నం

లెక్క ఇది. పట్టీ 44 చదరపు అడుగులు. 12 మిల్లీమీటర్ల అడుగుపూత, సగం వైశాల్యంలో సగటున మరో 12 మిల్లీమీటర్ల ఉబ్బు, పైన 3 మిల్లీమీటర్ల నునుపుపూత. రాలిపోయేది కలుపుకుని తడి మిశ్రమం 110 లీటర్ల దాకా పడుతుంది. దానికి సున్నపు ముద్ద 40 లీటర్లు, సుర్కీ (ఇటుక పొడి) 30 లీటర్లు, ఇసుక 60 లీటర్లు, తెల్లరాతి పొడి 10 లీటర్లు. ముద్ద కోసం కాల్చిన రాతి సున్నం గడ్డలు 25 కిలోలు కొంటే సరిపోతుంది.

సున్నం చల్లార్చేటప్పుడు ముందు నీళ్లు పోసి, నీళ్లలో గడ్డలు వేయాలి. గడ్డల మీద నీళ్లు పోస్తే మధ్యలో ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్లు వద్దు, ఆ వేడికి మెత్తబడతాయి. ఇనుప డ్రమ్మో తొట్టో వాడండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు. కంట్లో పడితే ఆగకుండా 20 నిమిషాలు మంచినీళ్లతో కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. చల్లారిన ముద్దను సన్నజల్లెడలో వడగట్టి, పైన నాలుగు వేళ్ల మందం నీళ్లు నిలిచేట్టు ఉంచండి. అడుగుపూతకు నెల రోజులు, నునుపుపూతకు మూడు నెలలు నానితే మంచిది. చల్లారని పలుకు ఒక్కటి మిగిలినా అది గోడలోకి వెళ్లాక ఉబ్బి, చిన్న గుంట పడేలా పూతను పేలుస్తుంది.

సంచుల్లో దొరికే పొడి సున్నం వాడాల్సి వస్తే చెంచాడు పొడి మీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుస పొంగితే గాలి తగిలి సుద్ద అయిపోయిందని అర్థం, తీసుకోవద్దు.

ఇసుక వాగుదైనా నదిదైనా గాజు గ్లాసు పరీక్ష చేయాలి. సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి గిలకొట్టి మూడు గంటలు వదిలితే పైన ఒండ్రు పొర తేరుతుంది. ఇసుక మందంలో ఇరవయ్యో వంతు దాటితే కడిగి ఆరబెట్టండి. నీళ్ల సంగతి నల్లగొండ వైపు ఇంకా ముఖ్యం. ఉప్పటి బోరు నీళ్లతో కలిపితే ఆరాక గోడ మీద తెల్ల ఉప్పు తేలుతుంది, దాన్ని ఏ రంగూ కప్పలేదు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లో వాననీళ్లో వాడండి.

అడుగుపూత మిశ్రమం పాళ్లు: సున్నపు ముద్ద 1, సుర్కీ 1, ఇసుక 2. ముద్దను, ఇసుకను వారం ముందే కలిపి తడి గోనె కప్పి ఉంచొచ్చు. సుర్కీని మాత్రం వాడే రోజే కలపాలి. బాగా కాలిన ఇటుక పొడి సున్నంతో కలిసి, గాలి తగలని లోపలి పొరలో కూడా గట్టిపడుతుంది. అందుకే అది కావాలి, అందుకే ముందు కలిపి ఉంచితే డబ్బాలోనే బిగుసుకుంటుంది. సున్నం నూరే గానుగ దొరికితే అంతకన్నా మేలు లేదు. దొరక్కపోతే రోకళ్లతో దంచాలి. గరిటెకు అంటి, తిరగేస్తే జారకుండా ఉండేదాకా దంచడమే. నీళ్లు పోసి మెత్తబరిస్తే తొందరగా అయినట్టు ఉంటుంది, ఆరాక పగుళ్లు వస్తాయి.

కరక్కాయ, బెల్లం నీళ్లు: 20 లీటర్ల నీళ్లలో గింజ తీసి దంచిన కరక్కాయ అర కిలో, బెల్లం అర కిలో వేసి వారం మాగనిచ్చి వడకట్టాలి. మిశ్రమంలో నీళ్లకు బదులు ఇవి వాడతారు. బెల్లం ఎక్కువైతే పూత బిగియదు, చీమలు పడతాయి. కరక్కాయ రసం ఇనుము తగిలితే నల్లబడుతుంది. కాబట్టి నునుపుపూతలో దీన్ని పోయొద్దు, ఇనుప తొట్టిలో మాగబెట్టొద్దు.

ఉబ్బెత్తు బొమ్మ

కాగితం మీది గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, గోడకు ఆనించి, పలుచని గుడ్డలో కట్టిన బొగ్గుపొడితో తట్టండి. బొమ్మ చుక్కలుగా గోడ మీదికి దిగుతుంది. ఉబ్బు అంగుళంన్నర దాటే చోట లోపల ఎముక ఉండాలి: 4 నుంచి 6 అంగుళాలకొకటి ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్క్రూ దింపి, వాటి మధ్య రాగి తీగ అల్లాలి. మామూలు ఇనుప మేకులు వాడితే తుప్పు పట్టి, లావెక్కి, పదేళ్లకో పదిహేనేళ్లకో బొమ్మను లోపలి నుంచే చీలుస్తాయి. పాత భవనాల్లో విరిగిన బొమ్మల మధ్యలో ఎర్రటి తుప్పు చార కనపడితే కారణం ఇదే. అంగుళం ముక్కలుగా కత్తిరించిన జనపనార తట్టకొక గుప్పెడు కలపండి.

ఒక్కసారికి 10 మిల్లీమీటర్ల కన్నా మందం వేయొద్దు. బొటనవేలు నొక్కితే దిగకుండా, గోరు గీస్తే గీత పడే పదును వచ్చాక గీతలు గీసి తర్వాతి పొర వేయాలి. చివరి నునుపుపూత సగం ముద్ద, సగం తెల్లరాతి పొడి. దాన్ని చెక్క గరిటెలతో దిద్ది, ఆరకముందే నున్నటి ఏటిరాయితో రుద్దితే మెరుపు వస్తుంది. పట్టీ పైనా కిందా నడిచే తిన్నటి అంచులను చేత్తో దిద్దొద్దు. అంచు ఆకారంలో కత్తిరించిన జింక్ రేకును చెక్కకు బిగించి, బద్ద వెంట లాగండి. 44 అడుగులూ ఒకే తీరుగా వస్తాయి. అంచుకు గద్వాల చీర కుంభమో, పోచంపల్లి చిటికి మెట్లో తీసుకుంటే గదికి మన ఊరి ముద్ర ఉంటుంది.

బర్జెస్ పడకగది కప్పు మీద చుక్కల్లో చిన్న ఉబ్బెత్తు అద్దాలు పొదిగారు, దీపం వెలిగితే అవి మెరిసేవి. దేవరకొండ, అచ్చంపేట తండాల్లో బట్టలకు కుట్టే అద్దాలు ఆ పనికి సరిపోతాయి. సున్నంలోని క్షారం అద్దం వెనక పూతను తినేస్తుంది కాబట్టి వెనక రెండుసార్లు క్షారాన్ని తట్టుకునే ఎపాక్సీ పూత వేసి ఆరనివ్వాలి. అద్దాన్ని పచ్చి పూతలో నొక్కి, అంచు మీదికి చుట్టూ 2–3 మిల్లీమీటర్లు సున్నం ఎక్కేట్టు దిద్దితేనే రాలదు.

పని కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. మన ఎండాకాలంలో పూత గట్టిపడకముందే ఎండిపోయి, చెయ్యి తగిలితే పొడి రాలుతుంది. వానల్లో ఆరనే ఆరదు. పూర్తయిన భాగం ముందు తడి గోనె వేలాడదీసి, గోడకు తగలనీయకుండా, పది రోజులు రోజుకు మూడు నాలుగుసార్లు సన్నటి తుంపర కొట్టండి. ఫ్యాన్ వేయొద్దు.

తప్పు ఎక్కడ జరిగిందో గోడే చెబుతుంది. సాలెగూడు లాంటి సన్న పగుళ్లంటే సున్నం ఎక్కువైంది, లేదా తొందరగా ఆరింది. తట్టితే డొల్ల మోగితే వెనక గోడను తడపలేదు. పొడవుగా ఒకే గీతగా పగిలితే అది పూత తప్పు కాదు, గోడే కదులుతోంది. ముందు పునాది చూపించుకోండి.

రంగు, బంగారు రేకు

ఉబ్బెత్తు పనికి ప్లాస్టిక్ పెయింట్ వేస్తే సన్నటి మడతలన్నీ పూడిపోతాయి. సున్నపు వెల్లలోనే రంగు కలపండి: ఎరుపుకు జాజు, పసుపుకు పేవడి, నలుపుకు దీపం మసి, ఆకుపచ్చకు క్రోమియం ఆక్సైడ్, నీలానికి అల్ట్రామెరీన్. ప్రష్యన్ బ్లూ సున్నంలో నిలవదు, గోధుమరంగుకు తిరుగుతుంది. రంగు పొడి ముద్దలో పదో వంతు దాటితే చేతికి అంటుతుంది. తడిమీద కనిపించే రంగు ఆరాక సగం పాలిపోతుంది కాబట్టి ముందు పెంకు ముక్క మీద వేసి, రెండు రోజులు ఆరబెట్టి చూసుకోండి. ఒక ముదురు నేల రంగు, దాని మీద రెండే రెండు రంగులు. బర్జెస్ రంగులు ఘాటైనవే, కానీ గదికొక రంగు పెత్తనం చేస్తుంది. బంగారు రేకు చుక్కలకో కళ్లకో పరిమితం చేస్తే దాని విలువ తెలుస్తుంది. సున్నం పూర్తిగా ఆరి, లక్కపూత వేశాకే జిగురు నూనె రాసి అతికించాలి. ఇత్తడి రేకు చవకే గానీ వార్నిష్ లేకపోతే ఏడాదిలో నల్లబడుతుంది.

దర్వాజ

టేకు బాగా ఆరినదై ఉండాలి. అంగుళం మందానికి ఏడాది నీడలో ఆరాలన్నది పాత లెక్క. అంత వీలు లేకపోతే తేమ మీటర్‌తో 12 శాతం లోపు ఉందని చూపించమనండి. వడ్ల మేస్త్రీ ముందు నాలుగు కట్టెలనూ జిగురు లేకుండా బిగించి చూసి, విప్పి, అప్పుడు చెక్కాలి, చివర మళ్లీ బిగించాలి. అతుకులకు రెండంగుళాల లోపు చెక్కడం పెడితే అక్కడే చీలుతుంది. లోతు అర అంగుళం లోపు చాలు. నిలువు కట్టెల కాళ్లు నేలలో పాతకుండా కడప రాయి మీద నిలపండి, చెద, పుచ్చు రెండూ తగ్గుతాయి. అవిసె నూనెలో సగం టర్పెంటైన్ కలిపి పలచగా మూడుసార్లు, పూటకొకటి కాకుండా రోజుకొకటి చొప్పున పట్టించండి. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయాలి.

దాచుకోవాల్సినవి

టవర్ హౌస్ 1960ల్లో కొన్నేళ్లు ఖాళీగా పడి ఉండి చాలా దెబ్బతింది. 1969లో దాన్ని కొన్న నటుడు రిచర్డ్ హారిస్, మొదట రంగులు వేసిన క్యాంప్‌బెల్ స్మిత్ కంపెనీనే మళ్లీ పిలిపించాడు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో బర్జెస్ గీతలు భద్రంగా ఉండబట్టి వాళ్లకు పని కుదిరింది. మీ నిలువు కొలత కాగితాలను చుట్టి పైపులో పెట్టండి. మిశ్రమం పాళ్లు, రంగు పాళ్లు, సున్నం ఎక్కడ కొన్నారు, ఏ మేస్త్రీ ఏ గోడ చేశాడు అన్నవి ఒక పుస్తకంలో రాయండి. రంగు చూసుకున్న పెంకు ముక్కలనూ పారేయకుండా వెనక పేరు రాసి దాచండి.

ఏటా మొదటి వానలు పడ్డాక ఒకసారి కప్పు మూలలు చూసి, వేలి కణుపుతో పట్టీ అంతా తట్టి రండి. డొల్ల మోగిన చోట అంచులో సన్న రంధ్రం చేసి, సిరంజితో ముందు నీళ్లు, తర్వాత పలచటి సున్నం, సన్న సుర్కీ కలిపినది ఎక్కించి, గుడ్డ చుట్టిన చెక్కతో ఒక రాత్రంతా ఆనించి ఉంచాలి. పక్క స్థలంలో బోరు వేస్తున్నా, పునాది తవ్వుతున్నా ముందే ఫోటోలు తీసి పెట్టుకోండి, అదురుకు మొదట వదిలేవి ఈ బొమ్మలే. దుమ్ముకు మెత్తటి పొడి బ్రష్ చాలు. తడిగుడ్డ, సబ్బు నీళ్లు సున్నపు రంగు మీద పెట్టొద్దు.